పాట ఇచ్చుకునే రోజుల నుంచి లింకు పంపుకునే రోజుల దాకా

2025 ఆగస్టులో స్పాటిఫై తన యాప్‌లో మెసేజ్‌ల సదుపాయం పెట్టింది. వింటున్న పాటను యాప్ దాటకుండానే స్నేహితులకు పంపి, అక్కడే నాలుగు మాటలు రాసుకోవచ్చు. చూడ్డానికి కొత్తగా ఉన్నా ఇలాంటి ఇన్‌బాక్స్ ఆ యాప్‌లో ఇంతకుముందే ఉండేది. వాడేవాళ్లు తక్కువన్న కారణంతో 2017లో కంపెనీయే తీసేసింది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో స్నేహితులకు చోటు ఇవ్వడం, తీసేయడం, మళ్లీ ఇవ్వడం పాతికేళ్లుగా నడుస్తోంది. ఈ పాతికేళ్లలో ఒక్క మార్పు మాత్రం వెనక్కి మళ్లలేదు. అప్పట్లో జనం ఒకరికొకరు పాటే ఇచ్చుకునేవారు, ఇప్పుడు పాట పేరూ దాని లింకూ పంపుకుంటున్నారు. ఇది దానంతట అది జరగలేదు. కోర్టులు, రికార్డు కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకున్న నిర్ణయాలే ఇక్కడికి తెచ్చాయి.

1999లో నాప్‌స్టర్ అనే పాటలు పంచుకునే ప్రోగ్రాం వచ్చింది. దాని సర్వర్లలో పాటలుండేవి కావు. ఎవరి కంప్యూటర్‌లో ఏ పాట ఉందో చెప్పే పట్టిక మాత్రమే ఉండేది. పాట నేరుగా ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌లోకి దిగేది. నాప్‌స్టర్ అంటే ఉచిత పాటలనే చాలామందికి గుర్తు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరే ఉంది. వెతికిన పాట ఎవరి దగ్గర దొరికిందో, ఆ మనిషి పంచిన మిగతా పాటలన్నీ కూడా చూడగలిగేవాళ్లం. అభిరుచి కలిస్తే ఆ పేరును హాట్ లిస్ట్‌లో చేర్చుకుని, చాట్‌లో పలకరించవచ్చు. ఒక పాట కోసం వెళ్లినవాళ్లు ముక్కూ మొహం తెలియని మనిషి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సంగీతాన్నంతా చూసి వచ్చేవారు. అంత లోతైన పరిచయం ఆ తర్వాత వచ్చిన ఏ యాప్‌లోనూ నాకు కనిపించలేదు.

1999 డిసెంబర్‌లో రికార్డు కంపెనీలు, 2000 ఏప్రిల్‌లో మెటాలికా రాక్ బృందం నాప్‌స్టర్ మీద కోర్టుకెళ్లాయి. 2001 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టులో నాప్‌స్టర్‌కు ఎదురుదెబ్బ తగిలింది, ఆ జులైకల్లా సేవ ఆగిపోయింది. కంపెనీల ఫిర్యాదులో న్యాయం లేదనలేం. రాసినవాళ్లకూ, బాణీ కట్టినవాళ్లకూ, పాడినవాళ్లకూ పైసా చేరని పద్ధతి అది. కానీ ఆ కేసు తర్వాత పాట చేతులు మారే ప్రతి దారినీ పరిశ్రమ అనుమానంగానే చూసింది.

ఆ అనుమానం ఎలా పనిచేసిందో యాపిల్ వారి పాటల ప్రోగ్రాం ఐట్యూన్స్‌లో స్పష్టంగా చూడొచ్చు. 2003 ఏప్రిల్ 28న యాపిల్ పాటకు 99 సెంట్ల చొప్పున అమ్మే దుకాణం తెరిచింది. అదే రోజు వచ్చిన ఐట్యూన్స్ 4లో ఒక టిక్ పెడితే చాలు, మన లైబ్రరీ అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకు ఎడమ పక్క వరుసలో మన పేరుతో కనిపించేది. వాళ్లు వినగలరు, కాపీ చేసుకోలేరు. మన కంప్యూటర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే చిరునామా, అంటే ఐపీ అడ్రస్, తెలిస్తే ఇంటర్నెట్ మీద ఎక్కడి నుంచైనా వినొచ్చు. అలా వస్తున్న పాటలను దింపుకునే చిన్న ప్రోగ్రాములు కొద్ది రోజుల్లోనే పుట్టుకొచ్చాయి. నెల తిరక్కుండానే యాపిల్ 4.0.1 విడుదల చేసి షేరింగ్‌ను ఒకే లోకల్ నెట్‌వర్క్‌కు కుదించింది. 2005లో ఇంకో ముడి వేసింది. అంతవరకు ఒకేసారి ఐదుగురు వినే వీలుండేది, దాన్ని రోజు మొత్తానికి ఐదుగురికి తగ్గించింది.

2004 ఏప్రిల్‌లో వచ్చిన ఐట్యూన్స్ 4.5 మరీ ఆలోచించదగ్గది. కొన్న పాటలతో చేసుకున్న ఒక ప్లేలిస్టును సీడీ మీదికి ఎక్కించుకునే హద్దు పదిసార్ల నుంచి ఏడుసార్లకు దిగింది. అదే వెర్షన్‌లో ఐమిక్స్ అనే సదుపాయం వచ్చింది. మన ప్లేలిస్టును దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టుకోవచ్చు. అయితే దుకాణంలో అమ్మే పాటలే అందులో కనిపిస్తాయి, చూసినవాళ్లకు నచ్చితే కొనుక్కోవాలి. మిత్రుడికి ఇచ్చే సీడీ తగ్గింది, మిత్రుడికి చూపించే జాబితా పెరిగింది. నా లెక్కలో పాట నుంచి పాట పేరు విడిపోయింది ఇక్కడే.

ఆ దుకాణం మన దేశానికి 2012 డిసెంబర్‌లో గానీ రాలేదు. ఈలోపు తెలుగునాట పంచుకోవడం వేరే దారిలో సాగింది. సెల్ షాపుకెళ్లి మెమరీ కార్డు ఇస్తే, కావాల్సిన సినిమాల పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అక్కడి నుంచి బ్లూటూత్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు. కాలేజీ బస్సులో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని, శాతం అంకె పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. ఆ పద్ధతిలోనూ సంగీత దర్శకుడికి దక్కిందేమీ లేదు. అందిన పాట మాత్రం కార్డు పాడయ్యేదాకా అందినవాడిదే.

ఇదే పనిని అనుమతితో చేద్దామని 2006 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ జూన్ (Zune) అనే మ్యూజిక్ ప్లేయర్‌ను తెచ్చింది. పక్కనున్న జూన్‌కు వైఫైతో పాట పంపొచ్చు. అందుకున్నవాళ్లు దాన్ని మూడు సార్లు, అదీ మూడు రోజుల లోపే వినాలి. మీరు సొంతంగా పాడి రికార్డు చేసుకున్న పాటకూ అదే షరతు. మరుసటి ఏడాది మూడు రోజుల గడువు తీసేశారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. పంపుదామంటే పక్కన జూన్ ఉన్నవాళ్లు దొరకాలి కదా.

పాట కదలకుండా పేరు మాత్రమే కదిలే పద్ధతిని నిజాయతీగా, అందంగా చేసి చూపింది లాస్ట్.ఎఫ్ఎం అనే వెబ్‌సైటు. మనం ఏ పాటలు విన్నామో అది లెక్క రాసి పెట్టేది. దాని మూలం ఆడియోస్క్రాబ్లర్ 2002లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి ప్రాజెక్టు. పాటలో సగమో, నాలుగు నిమిషాలో, ఏది ముందైతే అది విన్నాకే మన ఖాతాలో నమోదయ్యేది. ఇలా పోగైన వివరాలతో మన అభిరుచికి దగ్గరగా ఉన్నవాళ్లను ఇరుగుపొరుగు అని చూపేది. ఇక్కడ వినేవాళ్లే కావాలని తమ లెక్క రాసుకున్నారు. ఆ లెక్క ధర 2007లో తేలింది. అమెరికా మీడియా కంపెనీ సీబీఎస్ ఆ కంపెనీని 28 కోట్ల డాలర్లకు కొంది.

తర్వాత అందరి చూపూ ఆ లెక్క మీదే పడింది. యాపిల్ 2010 సెప్టెంబర్‌లో పింగ్ అనే సోషల్ నెట్‌వర్క్‌ను ఐట్యూన్స్‌లోనే పెట్టి, రెండేళ్లకు మూసేసింది. దుకాణం లోపల దుకాణం కోసం కట్టిన స్నేహం నిలవకపోవడంలో నాకు వింతేమీ లేదు. 2011 సెప్టెంబర్‌లో స్పాటిఫై ఫేస్‌బుక్‌తో చేయి కలిపింది. వినే ప్రతి పాటా మనం ఏ బటనూ నొక్కకుండానే ఫేస్‌బుక్‌లో స్నేహితులకు కనిపించడం మొదలైంది. కొత్తగా చేరేవాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేశారు. జనం గగ్గోలు పెడితే కొద్ది రోజుల్లోనే ఎవరికీ కనపడకుండా వినే మార్గం ఇచ్చారు. మనం విన్నామన్న కబురు మన ప్రమేయం లేకుండా బయటికి పోతే దాన్ని పంచుకోవడం అనకూడదు. పంచుకోవడంలో ఎవరికి, ఎందుకు అన్న ఎంపిక ఉంటుంది. ఏడాదంతా మనం ఏం విన్నామో చెప్పే, 2016 నుంచి ఏటా వచ్చే స్పాటిఫై రాప్డ్‌లో కనీసం ఆ ఎంపిక మిగిలింది. లెక్క కంపెనీ తీసినా పదిమందికీ చూపాలా వద్దా అన్నది మన ఇష్టం.

ఇవాళ మన ఇళ్లలో పాట పంపుకోవడానికి ఎక్కువగా పట్టుకునేది వాట్సాప్‌ను, అందులోనూ యూట్యూబ్ లింకును. కారణం తేలిక. అవతలివాళ్లు ఏ మ్యూజిక్ యాప్‌కు డబ్బు కడుతున్నారో అడగక్కర్లేదు. హ్యూస్టన్‌లో కూతురికీ, తెనాలిలో తల్లికీ అదే తెరుచుకుంటుంది. స్పాటిఫై కొత్త మెసేజ్‌లు పోటీ పడాల్సింది ఈ అలవాటుతో. అవి ఇద్దరూ అదే యాప్‌లో ఉంటేనే పనికొస్తాయి. యాప్‌ల మధ్య గోడలు ఎవరూ కదల్చలేనివేం కావు. 2024లో యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్ ఒకదాని ప్లేలిస్టును మరోదానికి మార్చుకునే వీలు కల్పించాయి. మార్చేది పేర్ల జాబితానే అయినా, ఏళ్ల తరబడి కూర్చుకున్న ఆ జాబితా మీద హక్కు వినేవాళ్లదేనని ఒప్పుకున్నట్టే. మిగతా యాప్‌లన్నీ రెండు వైపులా ఇదే వీలు ఇవ్వాలి.