లండన్ శివారు ఊళ్ల చరిత్ర: నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

లండన్‌కి పడమట ఒక లైబ్రరీలో, స్థానిక చరిత్ర విభాగంలో పనిచేస్తాను. పాత మ్యాపులు, ఓటర్ల జాబితాలు, బడి రిజిస్టర్లు చూసుకోవడం సగం పని. మిగతా సగం ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల చిన్నప్పటి సంగతులు రికార్డు చేయడం. హౌన్స్‌లో, స్లౌ, హారో వైపు ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు కూడా "మా ఇంటి చరిత్ర తెలుసుకోవచ్చా అండీ" అంటూ వస్తుంటారు. ఇల్లు అమ్మినాయన చెప్పినవి, పక్కింటి ముసలావిడ చెప్పినవి, పిల్లలు బడిలో విని వచ్చినవి నాలుగు కథలు కూడా వెంట తెస్తారు. తరచూ వినబడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మాది ట్యూడర్ కాలం ఇల్లండీ, ముందు నల్ల దూలాలు కూడా ఉన్నాయి."

వాస్తవం: ట్యూడర్ రాజులు ఏలింది 1485 నుంచి 1603 దాకా. మీ ఇల్లు దాదాపు ఖాయంగా 1920లు, 30ల నాటిది. ఆ నల్ల దూలాలు ఇంటి బరువు మొయ్యవు, ఇటుక గోడ మీద మేకులతో బిగించిన పలకలవి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 40 లక్షల ఇళ్లు లేచాయి. హారో వైపు ఆ కథ రైలుతో మొదలైంది. మెట్రోపాలిటన్ రైల్వే 1880లో హారో చేరింది, 1885లో పిన్నర్ చేరింది. లైను కోసం కొన్న భూముల్లో మిగిలినదాన్ని తన దగ్గరే ఉంచుకునే వీలు ఆ కంపెనీకి ఉండేది. 1915లో ఆ చుట్టుపక్కల ప్రాంతానికంతటికీ 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి ఏటా ఒక రంగుల పుస్తకం అచ్చేసింది, 1919లో ఇళ్ల వ్యాపారానికి విడిగా ఇంకో కంపెనీనే పెట్టింది. హైదరాబాద్‌లో మెట్రో వస్తోందని చెప్పి ప్లాట్లు అమ్మే బ్రోచర్లు చూసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. వాళ్లు అమ్మింది ఇల్లొక్కటే కాదు, పల్లెగాలి, పాత ఇంగ్లండ్ అనే మోజు కూడా, అందుకే ఆ దూలాలు.

తేల్చుకోవడం తేలిక. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్‌వి కూడా పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. మొదటి యుద్ధానికి ముందరి మ్యాపు తెరవండి. మీ వీధి ఉన్నచోట పొలం కనబడిందంటే ట్యూడర్ కథ అక్కడితో సరి. కానీ అక్కడే ఆపకండి, పాత మ్యాపునీ కొత్త మ్యాపునీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి: చాలాచోట్ల ఒకప్పటి పొలం గట్టే ఇవాళ మీ వెనక తోటకి కంచె. వంకరగా ఉన్న కంచె గురించి పక్కింటివాళ్లతో గొడవ పడే ముందు ఒకసారి ఇది చూడటం మంచిది.

అపోహ: "పబ్ కింద నుంచి చర్చి దాకా రహస్య సొరంగం ఉంది."

వాస్తవం: ఈ కథ లేని పాత ఊరు ఇంగ్లండ్‌లో నాకు ఇంతవరకూ తగల్లేదు. గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందని మనం చిన్నప్పుడు విన్నట్టే ఇక్కడి పిల్లలూ వింటారు. తవ్వి చూస్తే బయటపడేవి పీపాలు దాచుకునే నేలమాళిగలు, బొగ్గు కొట్లు, ఇటుకతో కట్టిన మురుగు కాలవలు, పెద్ద బంగళా అయితే మంచు నిల్వ చేసుకునే గుంట. సర్రేలోని డార్కింగ్‌లో మాత్రం సౌత్ స్ట్రీట్ కింద ఇసుకరాతిలో తొలిచిన గుహలు నిజంగానే ఉన్నాయి, ద్రాక్షసారా నిల్వకి వాడుకున్నారు. అంటే కథ పూర్తిగా గాల్లోంచి పుట్టదు. కింద ఏదో ఖాళీ ఉంటుంది, అది ఎక్కడికో వెళ్తుందని జనం కలుపుకుంటారు.

అపోహ: "వీ-2 రాకెట్ గర్రుమంటూ వచ్చింది, చప్పుడు ఆగింది, మేం బల్ల కింద దూరాం."

వాస్తవం: 1930లలో పుట్టినవాళ్ల నోట ఇది నేను ఎక్కువగా వినే జ్ఞాపకం. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మా పనిలో అసలు చిక్కంతా ఇందులోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ప్రయోగించినవి రెండు వేరు వేరు ఆయుధాలు. వీ-1 అంటే పైలట్ లేని చిన్న విమానం. లండన్ మీద మొదటిది 1944 జూన్ 13న తూర్పున బో అనే చోట పడింది. దాని ఇంజిన్ మోత దూరం నుంచే వినిపించేది, మోత ఆగిందంటే కింద పడుతోందని లెక్క, ఆ కొన్ని క్షణాల్లో ఎవరికి వారు ఎక్కడో అక్కడ దూరేవాళ్లు. వీ-2 అలా కాదు. అది ధ్వని కన్నా వేగంగా వచ్చేది, కాబట్టి ముందు పేలుడు, ఆ తర్వాతే అది వచ్చిన చప్పుడు. దూరడానికి టైమే ఉండదు. లండన్‌లో మొదటి వీ-2 1944 సెప్టెంబర్ 8 సాయంత్రం చిజిక్‌లోని స్టేవ్లీ రోడ్డులో పడింది, ముగ్గురు చనిపోయారు. గ్యాస్ పైపు పేలిందన్న మాట ప్రచారంలోకి వచ్చింది. రాకెట్లని ప్రభుత్వం బయటికి ఒప్పుకున్నది నవంబర్ 10న. ఈలోగా జనానికి విషయం అర్థమైపోయి వాటిని 'ఎగిరే గ్యాస్ పైపులు' అని ఎగతాళి చేశారు.

కాబట్టి ముందే చప్పుడు విని దూరామంటే అది వీ-1 అయ్యుండాలి. మరి ఆ పెద్దాయన అబద్ధం చెప్పినట్టా? కాదు. చప్పుడు, నిశ్శబ్దం, దూరడం, ఈ మూడూ ఆయన ఒంటికి జరిగినవి, అవి అలాగే ఉండిపోయాయి. 'వీ-2' అన్న పేరు మాత్రం తర్వాత ఏ టీవీ కార్యక్రమంలోనో విని అతికించుకున్నది. ఇక ఆ బల్ల సంగతి: 1941 నుంచి పంచిన మారిసన్ షెల్టర్ అంటే పైన ఉక్కు రేకు, నాలుగు వైపులా ఇనప జాలీ ఉన్న పంజరం. హాల్లో పెట్టుకుని పగలు దానిమీదే అన్నాలు తినేవాళ్లు, రాత్రి పిల్లల్ని అందులో పడుకోబెట్టేవాళ్లు. అందుకని "బల్ల కింద పడుకునేవాళ్లం" అని ఎవరైనా అంటే కొయ్యబల్ల అనుకుని రాసుకోకూడదు, "పక్కన జాలీ ఉండేదా?" అని అడగాలి. ఆ మాట అడిగితే చాలామంది జాలీకి గుచ్చుకున్న దుప్పటి దాకా వెళ్లిపోతారు.

నేను రికార్డు చేసేటప్పుడు ఎవర్నీ మధ్యలో సరిదిద్దను. ఏ సంవత్సరం అని అసలే అడగను, అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు. అప్పటికి చెల్లెలు పుట్టిందా, ఏ టీచర్ క్లాసులో ఉన్నారు, నాన్న ఇంట్లో ఉన్నాడా సైన్యంలో ఉన్నాడా అని అడుగుతాను. తారీఖు తర్వాత రిజిస్టర్లలో దొరుకుతుంది. దుప్పటి దొరకదు.

అపోహ: "యుద్ధం అయిపోగానే రేషన్ కూడా అయిపోయింది."

వాస్తవం: కొన్ని విషయాల్లో యుద్ధం అయ్యాకే ఎక్కువైంది. యుద్ధమంతా రేషన్ లేకుండా దొరికిన బ్రెడ్డుకి 1946 జులైలో రేషన్ పెట్టి 1948 దాకా ఉంచారు. మిఠాయిల మీద 1949 ఏప్రిల్‌లో ఎత్తేస్తే షాపులు ఖాళీ అయిపోయి, ఆగస్టులో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. పూర్తిగా పోయింది 1953 ఫిబ్రవరి 5న. ఆఖరున మాంసం, 1954 జులైలో. అందుకే "మిఠాయి రేషన్ పోయిన రోజు" గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే కంగారు పడొద్దు, ఆ రోజు రెండుసార్లు వచ్చింది.

అపోహ: "బళ్లో పాలు ఆపింది థాచరే."

వాస్తవం: సగం నిజం. 1946 నుంచి బడి పిల్లలందరికీ రోజూ మూడో వంతు పైంటు, అంటే 190 మిల్లీలీటర్ల దాకా, ఉచితంగా ఇచ్చేవాళ్లు. హైస్కూలు పిల్లలకి ఆపింది 1968లో లేబర్ ప్రభుత్వం. 1971లో ఏడేళ్లు దాటినవాళ్లకి ఆపినప్పుడు విద్యాశాఖ మంత్రి మార్గరెట్ థాచర్, తిట్లన్నీ ఆవిడ ఖాతాలో పడ్డాయి. విచిత్రమేంటంటే పాలు పోయాయని బాధపడేవాళ్ల కన్నా ఆ పాలని తిట్టేవాళ్లే నాకు ఎక్కువ దొరికారు: ఎండాకాలం వెచ్చబడి వాసన, చలికాలం గడ్డకట్టి మూత పైకి లేచిన సీసా.

అపోహ: "1931 జనాభా లెక్కలు జర్మన్ల బాంబుకి కాలిపోయాయి."

వాస్తవం: కాలిపోయిన మాట నిజం, బాంబుకి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లకి చెందిన ఆ కాగితాలన్నీ హేస్‌లోని ఒక ప్రభుత్వ గోడౌన్‌లో ఉండేవి, 1942 డిసెంబర్‌లో మామూలు అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తియ్యలేదు. 1921వి 2022లో బయటపెట్టారు, 1951వి వందేళ్ల నియమం ప్రకారం 2052 దాకా చూడలేం. కాబట్టి 30ల నాటి ఇంట్లో మొదట ఎవరున్నారో కావాలంటే పెద్ద ఆధారం 1939 సెప్టెంబర్ 29న ఇంటింటికీ తిరిగి రాసిన రిజిస్టర్. అందులో కొన్ని పేర్లమీద నల్లగా కప్పేసి ఉంటుంది. పుట్టి వందేళ్లు కానివాళ్లు బతికున్నారేమోనని అలా దాస్తారు, అదేదో మీ ఇంటి రహస్యం అనుకోకండి.

అపోహ: "ఈ చిలుకల్ని జిమీ హెండ్రిక్స్ వదిలాడు."

వాస్తవం: పడమటి లండన్‌లో పొద్దున్నే పచ్చగా గుంపులు కట్టి కీచుకీచుమంటూ పోయేవి మన రామచిలుకలే. 1960ల రాక్ గిటారిస్టు హెండ్రిక్స్ లండన్ నడిబొడ్డున కార్నబీ స్ట్రీట్‌లో జంట చిలుకల్ని వదిలాడని ఒక కథ, 1951లో ఐజిల్‌వర్త్ స్టూడియోలో షూటింగ్ నుంచి తప్పించుకున్నాయని ఇంకో కథ. 2019లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీవాళ్లు ఎక్కడెక్కడ ఎప్పుడు కనబడ్డాయో లెక్కలు తీసి, రెంటికీ ఆధారం లేదని తేల్చారు. 19వ శతాబ్దంలోనే ఇక్కడ చిలుకలు తిరిగినట్టు దాఖలాలు ఉన్నాయి. 1929-30లో చిలుకల వల్ల జ్వరం వస్తుందని పేపర్లు హోరెత్తిస్తే భయపడి పంజరాలు తెరిచినవాళ్లూ ఉండొచ్చని వాళ్ల ఊహ. హెండ్రిక్స్ కథే బాగుందని మా లైబ్రరీకి వచ్చేవాళ్లు నాతో ఇప్పటికీ వాదిస్తారు.

అపోహ: "కాటన్ దొర మనకే తెలుసు, ఇక్కడ ఆయనకి ఊరూ పేరూ లేవు."

వాస్తవం: ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ముసలితనంలో డార్కింగ్‌లో స్థిరపడి, 1899లో అక్కడే పోయాడు. సమాధి ఆ ఊరి శ్మశానవాటికలో ఉంది, గోదావరి జిల్లాలవాళ్లు వెతుక్కుంటూ వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు. డార్కింగ్ చరిత్రలో ఆయన కూతురు ఎలిజబెత్‌కీ చోటుంది: కూలీలు పబ్బులకి పోకుండా 1870లలో ఊళ్లో కాఫీ గది తెరిచింది. పెళ్లయ్యాక లేడీ హోప్ అయింది. డార్విన్ చివరి రోజుల్లో మనసు మార్చుకుని బైబిల్ చదివాడని ఒక కథ మీరు వినే ఉంటారు, దాని మూలం ఈవిడే. అది 1915లో అమెరికాలో అచ్చయింది, అప్పటికి డార్విన్ పోయి 33 ఏళ్లు. చనిపోయేటప్పుడు దగ్గరున్నది నేను, ఆవిడ రానేలేదు అని డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో పత్రికకి రాసింది. అయినా కథ ఆగలేదు. తండ్రి కట్టినదానికి ఇక్కడ అంత పేరు రాలేదు గానీ కూతురు చెప్పినది ప్రపంచమంతా తిరిగింది.

బ్రౌన్ దొర కూడా ఇక్కడే. 1884లో లండన్‌లో పోయాడు, కెన్సల్ గ్రీన్‌లో సమాధి.

అపోహ: "ఈ ఊళ్లలో మొన్నమొన్నటి దాకా అందరూ తెల్లవాళ్లే, మన జ్ఞాపకాలు చరిత్రలోకి రావు."

వాస్తవం: దాదాభాయ్ నౌరోజీ 1892లోనే ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకి గెలిచాడు. వోకింగ్ మసీదు 1889 నాటిది. పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ 1913లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ బయట నిలబడి ఆడవాళ్ల ఓటుహక్కు పత్రిక అమ్మింది. దొరల పిల్లల్ని ఓడలో తీసుకొచ్చిన ఆయాలు తిరుగు ప్రయాణం దొరికేదాకా ఉండటానికి హాక్నీలో ఒక ఇల్లు నడిచేది. బడి రిజిస్టర్లో ఒక్క పేరు, అద్దె పుస్తకంలో ఒక్క సంతకం, అంతే మిగులుతుంది చాలామందిది, చూసే ఓపిక ఉండాలి.

ఇక మన సంగతి. కామన్వెల్త్ పౌరులుగా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కూడా ఇక్కడ ఓటుంది కాబట్టి, 90ల చివర్లో కంప్యూటర్ ఉద్యోగాలకి వచ్చిన తెలుగు కుటుంబాల పేర్లు ఓటర్ల జాబితాల్లో ఉన్నాయి. ఆ పేర్ల వెనక కథ మాత్రం మా దగ్గర లేదు. తెలుగు బడి మొదలెట్టినప్పుడు పంచిన కరపత్రం, సంక్రాంతి సంబరాల టికెట్టు, షేరింగ్ ఇంట్లో ఆరుగురు కలిసి దిగిన ఫొటో, ఇలాంటివన్నీ మీ ఊరి ఆర్కైవ్‌కి పనికొస్తాయి. ముందు ఫోన్ చేసి అడగండి, చాలాచోట్ల స్కాన్ చేసుకుని అసలుది వెనక్కి ఇచ్చేస్తారు. ఇచ్చే ముందు ఫొటో వెనక ఎవరెవరు, ఏ ఇల్లు, సుమారుగా ఎప్పుడు అన్నది మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, నొక్కు ముఖాల మీదకి తేలుతుంది.