క్లచ్ ప్లేటు ఇంట్లోనే మార్చుకుందామా? కడప మెకానిక్ చెప్పే అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకు కొన్ని ఫోన్లు ఆదివారం సాయంత్రమే వస్తాయి. "అన్నా, గేర్‌బాక్స్ దించేసినా. ఇప్పుడు మళ్లీ ఎక్కడం లేదు." నేను తిట్టను. పనిముట్లు, ఓపిక, తోడుగా ఇంకో మనిషి ఉంటే చిన్న కారుకు ఇంట్లో చేసుకోగల పనే ఇది. కాకపోతే చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: గేర్లు గట్టిగా పడుతున్నాయంటే క్లచ్ అరిగిపోయినట్టే.

అరిగిన ప్లేటు జారుతుంది, అంటే ఇంజిన్ తిరుగుడు చక్రాలకు పూర్తిగా అందదు. గేరు పడటం లేదంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. కేబుల్ సాగి ఉండొచ్చు. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ కారిపోయి ఉండొచ్చు, లైనులో గాలి చేరి ఉండొచ్చు. ముందు అవి చూడండి. ప్రొద్దుటూరు నుంచి ఒకాయన సొంతంగా కొత్త క్లచ్ సెట్టు వేసుకుని మరీ వచ్చాడు, గేర్లు అప్పుడూ పడలేదు. కేబుల్ మార్చాం, సరిపోయింది.

జారుతోందో లేదో తేల్చుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద 40 స్పీడులో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత ఒక్కసారిగా పెరిగి, బండి మాత్రం అందుకోకపోతే ప్లేటు పని అయిపోయింది.

అపోహ: ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని ఒక లెక్క ఉంది.

అట్లాంటిదేమీ లేదు. అంతా కాలి అలవాటు. రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు లారీ వెనక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీదే, అంటే పెడల్ సగం తొక్కిపట్టి, బండిని నిలబెట్టేవాళ్లకు ప్లేటు తొందరగా పోతుంది.

అపోహ: జాకీ ఒకటి ఉంటే చాలు.

నాకు భయమేసేది దీనికే. జాకీ బండిని లేపడానికే. కింద దూరేటప్పుడు బండి స్టాండ్ల మీద ఉండాలి. మన వాకిళ్లలో కడప బండలు పరిచి ఉంటాయి కదా, కింద మట్టి కుంగి బోలుగా ఉన్న బండ మీద స్టాండు పెడితే పగులుతుంది. తట్టి చూసి, మందపాటి చెక్క వేసి పెట్టండి. బ్యాటరీ నెగటివ్ ముందే తీసేయండి. చక్రం మధ్యలో ఉండే హబ్ నట్లు చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేయండి. గేర్ ఆయిల్ దించకుండా చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగితే వాకిలంతా ఆయిలే. గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ విప్పేముందు ఇంజిన్ కింద ఆసరా ఉండాలి. గేర్‌బాక్స్‌ను ఒక్కరే గుండెల మీదికి దించుకోవడం మాత్రం వద్దే వద్దు.

అపోహ: ప్లేటొక్కటి వేస్తే సరిపోతుంది.

డబ్బులు మిగులుతాయని అడుగుతారు. నిజానికి కష్టమంతా గేర్‌బాక్స్ దించడంలోనే ఉంది. ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. పాత బేరింగ్ నాలుగు నెలలకు అరిచిందనుకోండి, మళ్లీ అంతా విప్పాలి. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ చెమరుస్తోందేమో కూడా అప్పుడే చూడండి. ఆయిల్ తగిలితే కొత్త ప్లేటైనా జారుతుంది. ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద నీలి మచ్చలు, గీతలు ఉంటే లేత్ షాపులో చూపించండి. కొన్ని డీజిల్ బండ్లలో వచ్చే, రెండు ముక్కలుగా మధ్యలో స్ప్రింగులతో ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను మాత్రం లేత్‌కు ఇవ్వకండి.

అపోహ: ప్లేటును కంటి అంచనాతో మధ్యలో పెట్టొచ్చు.

ప్లేటును సరిగ్గా మధ్యలో నిలిపే అలైన్‌మెంట్ టూల్ పెద్ద ఖరీదు కాదు, కొనండి. ప్లేటు కాస్త పక్కకు జరిగినా గేర్‌బాక్స్ షాఫ్టు లోపలికి దూరదు. ఆదివారం ఫోన్లన్నీ దాదాపు దీని గురించే. అప్పుడు బోల్టులు బిగించి బలవంతంగా లాగితే కేసింగ్ పగులుతుంది. సగం దూరిన గేర్‌బాక్స్‌ను షాఫ్టు మీద వేలాడదీసినా ప్లేటు మధ్యభాగం వంగుతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. ప్లేటు ఏ వైపు ఫ్లైవీల్‌కు రావాలో దాని మీద రాసి ఉందేమో చదవండి. పని నేర్చుకునే రోజుల్లో నేను తిరగేసి వేశాను, ఆ రాత్రి భోజనం లేకుండా అంతా మళ్లీ విప్పాను.

అపోహ: గ్రీజు ఎంత పూస్తే అంత మంచిది.

షాఫ్టు పళ్లకు పలచగా, అంతే. ఎక్కువైతే ఎగిరి ప్లేటు మీద పడుతుంది.

లోపలి నల్లపొడిని గాలి కొట్టి ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

అపోహ: కొత్త క్లచ్ కదా, ఎట్లా తోలినా తట్టుకుంటుంది.

కొత్త ప్లేటు ఫ్లైవీల్‌తో సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాలి. వేసిన మర్నాడే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని గువ్వలచెరువు పాలకోవాకు బయలుదేరకండి. తినాలనిపిస్తే అటు వెళ్లే ఎవరితోనైనా తెప్పించుకోండి.