ఫ్యాన్ బెల్టు కీచుకు పలుపుతాడు చెప్పే లెక్క

"పొద్దున్నే స్టార్ట్ చేయగానే బండి కీచుమని అరుస్తుంది. రెండు నిమిషాలకు ఆగిపోతుంది. వాన పడ్డ రోజు మరీ ఎక్కువ. మెకానిక్ రెండుసార్లు బెల్టు బిగించాడు, నెల తిరక్కుండా మళ్ళీ అదే అరుపు. బెల్టు ఇంట్లోనే మార్చుకోవచ్చా?" అని పాత మారుతి 800 ఉన్న పాఠకుడొకరు అడిగారు.

మార్చుకోవచ్చు. గంట, గంటన్నర పని. కానీ బిగించినా ఎందుకు అరుస్తోందన్నది ముందు తెలుసుకోవాలి. అది తేల్చుకోకుండా కొత్త బెల్టు వేస్తే అదీ కొన్నాళ్ళకు అరవడం మొదలుపెడుతుంది.

ఈ బండిలో ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ (గాడి ఉన్న చక్రం) నుంచి ఒక బెల్టు వాటర్ పంపునూ, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరిగేదే అయినా దీన్ని అందరూ ఫ్యాన్ బెల్టనే అంటారు. ఫ్యాన్‌ని బెల్టే తిప్పిన అంబాసిడర్ల నాటి పేరు అలా నిలిచిపోయింది. ఏసీ ఉంటే కంప్రెసర్‌కు వేరే బెల్టు. కవరు లోపల ఉండే టైమింగ్ బెల్టు పూర్తిగా వేరు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఇక పలుపుతాడు దగ్గరికి వద్దాం. బెదిరిన ఎద్దును ఒట్టి చేతులతో పట్టి ఆపడం ఎంత బలవంతుడికైనా కష్టం. అదే పలుపును పాతిన గుంజకు రెండు చుట్లు తిప్పి, కొసను చిన్నపిల్లాడు పట్టుకున్నా ఎద్దు నిలబడిపోతుంది. తాడుకూ గుంజకూ మధ్య ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు మన బలం 6.6 రెట్లవుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు! చుట్టు చుట్టుకూ 6.6 కలవడం లేదు, 6.6తో గుణిస్తోంది.

ఇది చక్రవడ్డీ లెక్క. గుంజ మీద ఆనిన తాడులో ప్రతి చిన్న ముక్కా తన బిగువును బట్టి గుంజను నొక్కుతుంది. ఎంత నొక్కితే అంత ఘర్షణ. ఆ ఘర్షణ వల్ల తరవాతి ముక్కలో బిగువు ఇంకాస్త పెరుగుతుంది, కాబట్టి అది ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. వడ్డీ అసలులో కలిసి మళ్ళీ వడ్డీ తెచ్చినట్టు. లియొనార్డ్ ఆయిలర్ 18వ శతాబ్దంలోనే తేల్చిన ఈ లెక్కలో రెండే అంకెలుంటాయి: ఘర్షణ గుణకం, తాడు చుట్టుకున్న కోణం. గుంజ లావుతో సంబంధమే లేదు. మన బడుల్లో ఘర్షణ పాఠం బల్ల మీద చెక్కముక్కను లాగడంతో మొదలై అక్కడే ముగిసిపోవడం నిజంగా బాధాకరం. ఒక స్ప్రింగ్ త్రాసు, రెండు గజాల తాడు, బెంచీ కాలు ఉంటే పది నిమిషాల్లో పిల్లలు ఘాతాంకాన్ని, అంటే ఇలా గుణించుకుంటూ పెరిగే లెక్కను, చేతులతో తాకి చూడగలరు.

బండి బెల్టుకు గుంజ కన్నా తక్కువ అవకాశం ఉంది. పుల్లీ చుట్టూ రెండు చుట్లు తిప్పలేం. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది. దాని మీద బెల్టు ఆనేది 120 డిగ్రీలు అనుకుందాం, అంటే చుట్టులో మూడో వంతు. చదును పట్టీ అయితే 0.3 ఘర్షణతో వచ్చేది 1.87 రెట్లే. ఇది చాలదు. అందుకే బెల్టును పైన వెడల్పుగా, కింద సన్నగా చేసి గాడిలో దించారు. అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ 1917లో రబ్బరుతో ఇలాంటి వీ ఆకారపు బెల్టు తయారుచేశాడు.

దుంగలో దిగిన గొడ్డలి ఇరుక్కుపోయినట్టు ఈ బెల్టు గాడి పక్కల మధ్య ఇరుక్కుంటుంది. గాడి కోణం 36 డిగ్రీలైతే అందులో సగం 18. దాని సైన్ విలువ 0.309. బెల్టు కిందికి ఒక కిలో బలంతో దిగితే రెండు పక్కల మీదా కలిపి 3.2 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే 0.3 ఘర్షణ కాస్తా 0.97లా పనిచేస్తుంది. పైగా ఇది ఘాతాంకంలో కూర్చుంటుంది. అదే 120 డిగ్రీలకు, అదే రబ్బరుకు, 1.87 రెట్లు కాస్తా 7.6 రెట్లవుతాయి. ఇదంతా జరగాలంటే ఒక్కటే షరతు: బెల్టు అడుగు గాడి అడుగును తాకకూడదు. పక్కల మీదే వేలాడాలి.

ఈ అంకెలను బండిలో పెట్టి చూద్దాం. స్టార్టర్ తిరిగాక బ్యాటరీ ఆకలితో ఉంటుంది. ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు ఇస్తోందనుకుంటే 490 వాట్లు. దాని సామర్థ్యం 55 శాతం అనుకుంటే బెల్టు మోయాల్సింది దాదాపు 890 వాట్లు. 12 సెంటీమీటర్ల క్రాంక్ పుల్లీ నిమిషానికి 900 చుట్లు తిరిగితే బెల్టు సెకనుకు 5.65 మీటర్లు పరిగెడుతుంది. వాట్లను ఆ వేగంతో భాగిస్తే 157 న్యూటన్లు. అంటే బెల్టు లాగే బిగువు వైపుకూ, తిరిగివచ్చే వదులు వైపుకూ మధ్య 16 కిలోల తేడా ఉండాలి. అదే 890 వాట్లకు 3,000 చుట్ల దగ్గర 5 కిలోలు చాలు. స్టార్ట్ చేయగానే, ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే) అరవడానికి, బ్యాటరీ కాస్త నిండగానే ఆగిపోవడానికి కారణం ఇదే. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఒక క్షణం అరిచేది మాత్రం వేరే కారణంతో: ఆల్టర్నేటర్ లోపలి బరువైన రోటర్‌ను ఆ క్షణంలో గబుక్కున పరిగెత్తించాలి.

ఆ 16 కిలోలు జారకుండా లాగాలంటే వదులు వైపు కనీసం ఎంత బిగువు ఉండాలి? పొడిగా ఉన్న మంచి బెల్టుకు 2.4 కిలోలు. తేమకు ఘర్షణ సగానికి పడిపోతే 9 కిలోలు. వాన రోజు కూత అదే. ఇక బెల్టు పక్కలు అరిగి గాడి అడుగున కూర్చుంటే? వీ ఆకారం పేరుకే ఉంటుంది, పని చదును పట్టీది. అప్పుడు పొడిగా ఉన్నా 18 కిలోలు కావాలి. ఏడున్నర రెట్లు!

పాఠకుడి బండి బిగించినా మళ్ళీ అరవడం వెనక ఉన్నది చాలావరకు ఈ అంకే. అడుగు తాకిన బెల్టును ఎంత బిగించినా పోయిన ఇరుకు తిరిగి రాదు. ఆ అదనపు బిగువంతా వాటర్ పంపు బేరింగు మీద, ఆల్టర్నేటర్ బేరింగు మీద పడుతుంది. బేరింగు అరిగి షాఫ్టు ఊగితే పంపు సీలు కారుతుంది. చవకైన బెల్టును కాపాడబోయి పంపును పోగొట్టుకుంటాం.

జారితే జారింది, అరవడమెందుకు? రబ్బరు లోహాన్ని పట్టుకుని కాస్త సాగుతుంది, పట్టు తప్పి గబుక్కున జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనులో వందలు, వేల సార్లు. ఫిడేలు కమాను తీగను మోగించేదీ ఇలాగే. ఆగి ఉన్నప్పటి పట్టు, జారుతున్నప్పటి పట్టు కన్నా ఎక్కువ కాబట్టే ఆ శబ్దం. కమానుకు రాజనం (చెట్టు బంక నుంచి వచ్చే జిగురు) పూసేది ఆ తేడా పెంచడానికే. బెల్టుకు సబ్బు రాయడం, మైనం రాయడం, కొబ్బరినూనె చుక్కలు వేయడం సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఆ తేడాను తగ్గిస్తాయి. కూత ఆగుతుంది, జారుడు ఆగదు, అరవకుండా జారుతుంది. వేడికి పక్కలు అద్దంలా మెరుగెక్కుతాయి, నూనెకు రబ్బరు ఉబ్బుతుంది. బంపరుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు బండికి మేలు చేయకపోయినా కీడైతే చేయవు. సబ్బు నమ్మకం మాత్రం బెల్టును తినేస్తుంది.

బెల్టు కొనకముందు ఒక పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా చేతులు, బట్టలు, తువ్వాలు దూరంగా ఉంచి, బెల్టు లోపలి వైపు స్ప్రే సీసాతో కొద్దిగా నీళ్ళు కొట్టండి. కూత పెరిగితే బిగువు చాలక జారుతోంది. కిచకిచ శబ్దం కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒకే వరసలో లేవు. ఈ రెండోది చారలున్న పట్టీ బెల్టుల్లో ఎక్కువ. వాటికి ఒక డిగ్రీ వంకర చాలు. రెండు పుల్లీల మధ్య 200 మి.మీ. దూరంలో అది 3.5 మి.మీ. మాత్రమే. స్టీలు స్కేలు ఆనించి చూస్తే కనిపిస్తుంది.

కొత్త బెల్టును పాతదాన్ని కొలిచి కొనకండి, అది సాగి ఉంటుంది. మోడలు, తయారైన సంవత్సరం చెప్పి పార్టు నంబరు ప్రకారం తీసుకోండి. వీ బెల్టు మీద 10×850 అని ఉంటే పైవెడల్పు 10 మి.మీ., పొడవు 850 మి.మీ. అని. చారల బెల్టు మీద 4పీకే850 అంటే నాలుగు చారలు, 850 మి.మీ. పాత నియోప్రిన్ రబ్బరు చారల బెల్టులో ఒకే చార మీద 75 మి.మీ. పొడవులో మూడు పగుళ్ళుంటే మార్చేయాలి. ఈపీడీఎం రబ్బరు బెల్టులతో జాగ్రత్త: అవి పగలవు, టైర్లలా అరిగిపోతాయి. పైకి కొత్తదానిలా కనిపిస్తూనే గాడి అడుగుకు చేరతాయి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. తాళం తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, లేకపోతే స్పానర్ తగిలి షార్టయ్యేది ఆల్టర్నేటర్ వెనకున్న లావుపాటి తీగ దగ్గరే. బెల్టు దారి ఫోనులో ఫొటో తీసుకోండి. ఏసీ బెల్టు ముందు అడ్డంగా ఉంటే దాన్నే ముందు తీయాలి: ఆ బెల్టును బిగించి ఉంచే ఐడ్లర్ పుల్లీ మధ్య నట్టు వదులు చేసి, సర్దుబాటు బోల్టు విప్పుతూ పోతే జారివస్తుంది. తరవాత ఆల్టర్నేటర్. ఒక పక్క అది ఊగే ఇరుసు బోల్టు, ఇంకో పక్క పొడవాటి కంత ఉన్న బద్దీ మీద బోల్టు. సాధారణంగా 12, 14 నంబరు స్పానర్లు సరిపోతాయి. రెండూ వదులు చేయాలి. ఒకటే వదులు చేసి లాగితే బద్దీ వంగుతుంది. ఆల్టర్నేటర్‌ను ఇంజన్ వైపు నెట్టి పాత బెల్టు తీసేయండి.

బెల్టు తీసిన ఆ పది నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి. ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. గరగరమంటే, పైకీ కిందికీ ఊగితే ఆ బేరింగు పోయింది. వాటర్ పంపు కింది కంత దగ్గర కూలెంటు మరక ఉంటే పంపు సంగతి ఇప్పుడే చూడాలి. క్రాంక్ ముందు సీలు, వాల్వు కవరు గ్యాస్కెట్ దగ్గర ఆయిలు చెమ్మ ఉంటే ముందు అది ఆపాలి, లేకపోతే కొత్త బెల్టు కూడా నానుతుంది. గాడుల్ని సబ్బునీళ్ళు, ప్లాస్టిక్ బ్రష్షుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఎమరీ కాగితం పెట్టొద్దు. గరుకైన గాడి బెల్టును రంపంలా కోస్తుంది. గాడి అడుగు తళతళ మెరుస్తుంటే పాత బెల్టు అక్కడ కూర్చుని తిరిగిందని రుజువు.

కొత్త బెల్టును చేత్తోనే ఎక్కించాలి. ఎక్కకపోతే ఆల్టర్నేటర్ ఇంకా లోపలికి జరగాలి, లేదా బెల్టు సైజు తప్పు. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే లోపలి దారాలు తెగుతాయి. అది బయటికి కనపడదు. కొన్ని వందల కిలోమీటర్ల తరవాత రోడ్డు మీద తెలుస్తుంది.

బిగించడానికి చెక్క కర్రను ఆల్టర్నేటర్ ముందు వైపు గట్టి పోత భాగానికే ఆనించి తోయండి. మధ్యనున్న రేకుల దొంతరకు గానీ, వాటర్ పంపుకు గానీ ఆనించొద్దు. తోసిపట్టి ముందు బద్దీ బోల్టు, తరవాత ఇరుసు బోల్టు బిగించండి. అన్నిటికన్నా పొడవైన వరస మధ్యలో బొటనవేలితో 10 కిలోల బలంతో నొక్కితే చిన్న కార్లలో బెల్టు 6 నుంచి 9 మి.మీ. దిగాలి. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. 10 కిలోలంటే ఎంతో వేలికి తెలియదు కాబట్టి, బరువు చూసుకునే మిషను మీద నాలుగైదుసార్లు నొక్కి అలవాటు చేసుకోండి. మనం అనుకునే దానికన్నా చాలా గట్టిగా నొక్కాలి. బెల్టును మెలితిప్పి 90 డిగ్రీలు తిరిగితే సరిపోయిందనే పద్ధతి నమ్మదగింది కాదు: అదే బిగువుకు పొడవైన వరస ఎక్కువ తిరుగుతుంది, పొట్టి వరస తక్కువ తిరుగుతుంది.

బ్యాటరీ తీగ తగిలించి పదిహేను నిమిషాలు నడిపి ఆపండి. చల్లారాక మళ్ళీ వేలు పెట్టి చూడండి. కొత్త బెల్టు గాడిలో సర్దుకుని వదులవుతుంది, మళ్ళీ బిగించాలి. ఇంకోసారి 500 కిలోమీటర్ల దగ్గర. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ఐడిల్‌లో ఉంచితే కూత ఉండకూడదు. కాస్త రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 13.8 నుంచి 14.5 వోల్టులు చూపాలి.

సరైన సైజు కొత్త బెల్టు, సరైన బిగువు, అయినా కూస్తోందా? అప్పుడు అనుమానం పుల్లీ మీద. ఏళ్ళ తరబడి జారిన బెల్టు గాడి పక్కలను పళ్ళెంలా తొలిచేస్తుంది, అందులో కొత్త బెల్టు కూడా అడుగుకు దిగిపోతుంది. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, గాడి అడుగున సుద్దముక్కతో గీత గీయండి. బెల్టు మళ్ళీ వేసి, బిగించి, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి విప్పి చూడండి. సుద్ద అలాగే ఉంటే పుల్లీ మంచిదే, ఇంకెక్కడైనా వెతకాలి. చెరిగిపోయి ఉంటే పుల్లీని మార్చండి.