పదునుకు ముందు వంద రూపాయలు

మృగశిర కార్తెలో తొలి వాన వెలిశాక అనంతపురం జిల్లా వేరుశనగ రైతు చేనికి వెళ్లి ఎర్రమట్టిలోకి వేళ్లు గుచ్చి చూస్తాడు. లోపలి మట్టిని పిడికిట నొక్కితే ఉండ కట్టిందా, తడి ఎంత లోతుకు దిగింది అని చూసుకున్నాకే గొర్రు కడతాడు. దీన్నే పదును అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, ఎకరాకు 60 కిలోల దాకా విత్తనపప్పు అడిగే పంటకు, ఆ అంచనా తప్పితే విత్తనం ఖర్చంతా మట్టిపాలవుతుంది. మరీ ఆగితే అదను దాటిపోతుంది.

ఈ నిర్ణయాన్ని ఆర్థిక శాస్త్రవేత్తలు దగ్గరగా పరిశీలించిన ప్రాంతాల్లో అనంతపురం ఒకటి. బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి 2003లో మహబూబ్‌నగర్‌లో మొదలుపెట్టిన వర్షపాత బీమా ఆ తరువాత ఇక్కడికీ వచ్చింది. ఈ బీమా పంటను చూడదు, వానమాపకాన్ని చూస్తుంది. నిర్ణీత కాలంలో వాన కొలిచే కేంద్రంలో నమోదైనది ఒక హద్దుకు తగ్గితే, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ ఇంత అని పరిహారం లెక్కకడతారు. ఆ పాలసీల్లో జూన్ 1 నుంచి పడిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లకు చేరిన రోజున బీమా కాలం మొదలయ్యేది. రైతుకు వానాకాలం మొదలయ్యేది మట్టిలో తడి దిగినప్పుడు. కురిసిన వాన ఒకటే అయినా కొలిచే తీరులు రెండు.

ఆర్థిక శాస్త్రవేత్తలు జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ ఈ రైతులనే వాన ఎప్పుడు పట్టుకుంటుందని అడిగి, వారి అంచనాలను వానల రికార్డులతో పోల్చారు. నష్టం వస్తే తట్టుకునే దారులు తక్కువగా ఉన్నవారి అంచనాలే నిజానికి దగ్గరగా ఉన్నాయి. మెట్ట రైతుకు తెలివిడి చాలదని తేలిగ్గా అనేవారు ఈ ఫలితాన్ని తప్పక చూడాలని నా మనవి.

మరి ఇంత తెలిసినవారిలో ఎక్కువమంది బీమా ఎందుకు కొనలేదు? 2006లో ఆర్థిక శాస్త్రవేత్త షాన్ కోల్, ఆయన సహచరులు మహబూబ్‌నగర్, అనంతపురం పల్లెల్లో ఇంటింటికీ మనుషులను పంపి, ఏ ఇంటికి ఏ రకం ప్రోత్సాహం దక్కాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి పరీక్షించారు. బీమా గురించి అదనంగా పాఠం చెప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు. ఊరివారికి తెలిసిన బేసిక్స్ ప్రతినిధి వెంట వచ్చి మాట సాయం చేస్తే కొనుగోళ్లు మూడో వంతుకు పైగా పెరిగాయి. అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసింది చేతిలో పెట్టిన వంద రూపాయలు: అవి అందుకున్న ఇళ్లలో కొనుగోళ్లు రెండింతలు దాటాయి. ఇచ్చినవారి ఎదుట కాదనలేని మొహమాటం కొంత ఉండవచ్చు. అయినా కొననివారు చెప్పిన ముఖ్య కారణం కూడా చేతిలో డబ్బు లేకపోవడమే కాబట్టి, ఆ వంద ఒక పాలసీకి సరిపోయిన సంగతిని చిన్నదిగా చూడలేం.

2009లో కోల్, జినే, వికరీ మరో అడుగు ముందుకు వేశారు. విత్తేలోపే కొందరు రైతులకు వర్షపాత బీమాను ఉచితంగా ఇచ్చి, మిగిలినవారికి దానికి సరితూగే నగదు ఇచ్చారు. బీమా ఉన్నవారు మొత్తం పెట్టుబడిని పెంచలేదు గాని, వాన మీద ఎక్కువగా ఆధారపడే ఆముదం, వేరుశనగ వంటి వాణిజ్య పంటల వైపు దాన్ని మళ్లించారు. పంట పోయాక అందే సాయం ఎంత పెద్దదైనా ఈ మార్పును తేలేదు. విత్తేటప్పుడే ఆ భరోసా ఉండాలి.

బీమాకూ ఒక లోపం ఉంది. ఈ జిల్లాలో ఒక గుట్టకు ఇవతల వాన దంచితే అవతల దుమ్ము లేస్తుంది. వానమాపకం తడిసి చేను ఎండితే ప్రీమియం కట్టిన రైతు రెండు విధాలా నష్టపోతాడు. మరుసటి ఏడు ఆ ఊళ్లో పాలసీ ఎవరు కొంటారు? కేంద్రాల సంఖ్య పెరిగితే ఈ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. వాటా చిన్నదే. కానీ దాన్ని కట్టాల్సిన రోజులు, విత్తనం, ఎరువు, గొర్రు బాడుగ, కూలి డబ్బులు ఒక్కసారిగా మీదపడే రోజులు దాదాపు ఒకటే.