తిట్టినవాళ్ల కంటే చూసి ఊరుకున్నవాళ్లే ఎక్కువ

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పెరిగిన ఓ ఇంటర్ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో నవ్వుతూ రీల్ పెట్టిందనుకుందాం. కింద ఎవరో "ముందు పళ్లు తోముకో" అని రాస్తారు. ఆమె పళ్ల మీదున్నవి తోమితే పోయే మరకలా? చిన్నతనంలో, చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగితే ఎనామిల్ సరిగ్గా ఏర్పడదు. నల్లగొండ జిల్లా తరాలుగా మోస్తున్న బాధ ఇది. రాసినవాడు మర్చిపోతాడు. ఆ పిల్ల మాత్రం ఇక పెదాలు విప్పి నవ్వదు.

ఒక్క మాట అంత లోతుకు ఎట్లా దిగుతుంది? నలుగురూ మనల్ని కలుపుకుంటున్నారా, దూరం పెడుతున్నారా అని లోపల ఎప్పుడూ కొలిచే మీటరే ఆత్మగౌరవమని మనస్తత్వవేత్త మార్క్ లియరీ, ఆయన సహచరులు 1995లో ప్రతిపాదించారు. 2003లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఓ ప్రయోగంలో కొందరిని కంప్యూటర్‌లో బంతాట ఆడించి, మెదడును స్కాన్ చేశారు. కాసేపయ్యాక వాళ్లకు బంతి రావడం ఆగిపోయింది. శరీరానికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడు చురుకైంది. ఎవరూ తిట్టలేదు, బంతి ఇవ్వలేదంతే.

అందుకే నాకు అన్నిటికన్నా భయం క్లాసు వాట్సాప్ గ్రూపంటేనే. ఇన్‌స్టాలో తిట్టేవాడు చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాడు; బ్లాక్ చేయొచ్చు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటి ఫోన్ ఆట వాయిస్ చాట్‌లో పాలమూరు యాసను వెక్కిరించిన మాట గాల్లో కలిసిపోతుంది, రుజువుకు కూడా దొరకదు. గ్రూపులో అట్లా కాదు. ఒకడు ఓ అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసి పెడతాడు, ఇద్దరు నవ్వే ఎమోజీలు పెడతారు, మిగతా అందరూ చూసి ఊరుకుంటారు. వాళ్లు భయపడి ఊరుకున్నా, ఆ పిల్లకు మాత్రం "అందరూ వాళ్ల వైపే" అనిపిస్తుంది. తెల్లారి దేవరకొండ బస్సులో ఆ మొహాల మధ్యనే కూర్చోవాలి.

ఆ రాత్రే ఒక్క స్నేహితురాలు విడిగా "నేను నీ వైపే ఉన్నా" అని మెసేజ్ పెట్టినా ఆ లోపలి మీటరు ముల్లు కదులుతుంది.

ఇంట్లో చెప్పుకుంటే? ఫోన్ గుంజుకుంటారని, ఆడపిల్లైతే చదువే మాన్పిస్తారని భయం. ఈ భయం పోగొట్టాల్సింది తల్లిదండ్రులే. "ఫోన్ తీసుకోం, కాలేజీ మాన్పించం" అని ముందే మాటివ్వాలి. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టాక సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. మనసు బాగాలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా సరే.