ఇంట్లో తెలుగు ఆపమనే సలహా ఎక్కడ పుట్టింది?

తిరుపతిలో మా కొర్లగుంట వైపు ఏ వీధిలో చూసినా ఆరు నెలలు అమెరికాలో మనవణ్ణి చూసుకుని తిరిగొచ్చిన అవ్వో తాతో ఉంటారు. మా అక్క కూడా మొన్ననే న్యూజెర్సీ నుంచి వచ్చింది. "పిల్లోడికి 22 నెలలు, మాటలు సరిగ్గా రాలేదు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అన్నారంట రా" అని చెబుతూ ఏడ్చేసింది. అక్కకు ఇంగ్లీషు రాదు. ఇక మనవడితో ఏం మాట్లాడాలి?

ఈ సలహా వెనక వందేళ్ల చరిత్ర ఉంది. 1913లో న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ దీవిలో ఓడ దిగిన వలస జనానికి మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ గొడార్డ్ బృందం తెలివి పరీక్షలు పెట్టింది. రోజుల తరబడి సముద్రం మీద వచ్చి, అలసిపోయి, దుబాసీ చెబితే తప్ప ప్రశ్న కూడా అర్థం కాని మనుషులు వాళ్లు, అయినా వాళ్లలో చాలామందిని మందబుద్ధులని తేల్చేశారు. 1926లో ఫ్లోరెన్స్ గుడ్‌ఇనఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అయితే, పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడటానికి ఇంట్లో పరాయి భాష వాడటం ఒక ముఖ్య కారణమని అనుకోవచ్చని రాసింది, కానీ తెలివి తక్కువున్న జాతులవాళ్లు కొత్త భాష తేలిగ్గా నేర్చుకోకపోవడమే అంతకంటే సరైన కారణంలా ఉందంది. పేదరికాన్ని, పరీక్ష ఇంగ్లీషులో ఉండటాన్ని వదిలేసి తప్పంతా అమ్మ భాష మీదకో, ఆ మనుషుల మీదకో నెట్టారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే.

1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆర్థికంగా ఒకే స్థాయిలో ఉన్న పదేళ్ల పిల్లల్ని పోల్చి చూస్తే, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లే ముందున్నారు. పిల్లల్ని ఎంచిన తీరు మీద తర్వాత విమర్శలు వచ్చాయి కానీ, రెండు భాషలు బుర్రకు బరువన్న నమ్మకం అక్కడే బీటలు వారింది. స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి మందబుద్ధుల తరగతుల్లో వేయడం మీద 1970లో కాలిఫోర్నియాలో కేసు నడిచింది. 1975లో అమెరికా చట్టమే పిల్లల సొంత భాషలో పరీక్షించాలంది. 1993లో అమెరికాలోని మయామిలో రెండు భాషలు వింటూ పెరిగే పసిపిల్లల మీద వచ్చిన పరిశోధన అక్కలాంటి వాళ్లకు అన్నిటికంటే అవసరమైనది: రెండు భాషల మాటలూ కలిపి లెక్కేస్తే, ఒకే భాష పిల్లలకు వీళ్లు తీసిపోరు.

ఇక మాటల్లాగే నడక విషయానికొస్తే, దానికి మన పెద్దలది తేదీలు లేని లెక్క, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఇండియాతో కలిపి 5 దేశాల పిల్లల్ని గమనించి 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ దానికి దగ్గరగానే ఉంది. 8 నెలలు దాటాక మొదలై 17 నెలలు దాటేవరకు ఎప్పుడు నడిచినా మామూలే, కొందరు అసలు దోగాడకుండానే నడిచేస్తారు.

అలాగని అన్నిటికీ "వాడే మాట్లాడతాడులే" అని కూర్చోకూడదు. 18 నెలలు నిండినా నడవకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా, రెండు భాషలూ కలిపినా రెండేళ్లకు 50 మాటలు లేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి, వినికిడి పరీక్ష కూడా చేయించాలి. అమెరికాలో మూడేళ్లలోపు పిల్లల కోసం 1986 చట్టంతో వచ్చిన సేవలున్నాయి, తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు.

అక్క మనవడికి వచ్చిన మాటలు రాసిన ఫారంలో ఉన్నవి 9 ఇంగ్లీషు మాటలు. అక్క పాత టీటీడీ క్యాలెండర్ వెనక తెలుగువి రాయడం మొదలుపెట్టింది: పాలు, కాకి, బువ్వ, జోజో, అవ్వ. 34 దాకా వచ్చాయి. రాత్రి వీడియో కాల్‌లో వాడు చెప్పు ఎత్తి చూపించి "తెప్పు" అన్నాడు. అక్క కళ్లజోడు వెతుక్కుని దాన్నీ రాసింది.