అమెరికా సైన్యంలో ఉన్నవారి విమాన బ్యాగేజ్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో ఒక విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. చుట్టుపక్కల సైనిక స్థావరాలు ఉన్నాయి కాబట్టి మా లైన్లో సైనికులు ఎప్పుడూ ఉంటారు. ఈమధ్య వాళ్ళలో తెలుగు పిల్లలూ కనిపిస్తున్నారు. ఒక్కోసారి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నలు కూడా వాళ్ళ పక్కనే నిలబడి ఉంటారు. బ్యాగుల విషయంలో వీళ్ళు విని వచ్చే మాటల్లో సగం నిజం, సగం కాదు. ఆ నిజం కాని సగం వల్లే కౌంటర్ దగ్గర డబ్బు పోతుంది, టెన్షన్ పెరుగుతుంది, ఒక్కోసారి విమానం కూడా తప్పిపోతుంది. దేశం కోసం పనిచేసే పిల్లలు అలా ఇబ్బంది పడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: సైనికుల బ్యాగులకు డబ్బు తీసుకోకూడదని చట్టం ఉంది.

అలాంటి చట్టం లేదు. ఇది ప్రతి విమానయాన సంస్థ తనంతట తాను ఇచ్చే సౌకర్యం. అందుకే ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోలా ఉంటుంది, ఎప్పుడైనా మారుతుంది.

ఇప్పుడున్న రూపం వెనక ఒక కథ ఉంది. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి బ్యాగుకే 15 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. మిగతా పెద్ద సంస్థలు చాలావరకు అదే దారి పట్టాయి. 2011 జూన్‌లో అఫ్ఘానిస్తాన్ నుంచి తిరిగొస్తున్న ఒక ఆర్మీ రిజర్వ్ (అవసరమైనప్పుడు పిలిచే సైనికుల) దళం బాల్టిమోర్ నుంచి అట్లాంటాకు డెల్టా విమానం ఎక్కింది. నాలుగు బ్యాగులు తెచ్చుకోవచ్చని వాళ్ళ ఆర్డర్స్‌లో, అంటే ప్రయాణానికి సైన్యం ఇచ్చిన ఉత్తర్వుల్లో, ఉంది. ఎకానమీలో మూడే ఉచితమని సంస్థ నియమం. నాలుగో బ్యాగుకు మనిషికి 200 డాలర్ల చొప్పున, మొత్తం 2,800 డాలర్లకు పైగా వసూలు చేశారు. ఇద్దరు సైనికులు విమానంలోనే వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. దేశమంతా కోపం వచ్చింది. డెల్టా వెంటనే ఆర్డర్స్ మీద వెళ్ళే సైనికులకు ఎకానమీలో నాలుగు, పై తరగతుల్లో ఐదు బ్యాగులు ఉచితం చేసింది. మిగతా సంస్థలూ తమ నియమాలను సరిచూసుకున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆర్డర్స్‌లో ఎన్ని బ్యాగులని రాసినా, ఆ కాగితం విమాన సంస్థను కట్టిపడేయదు. సైన్యం మీకు ఇచ్చిన అనుమతి వేరు, సంస్థ ఇచ్చే ఉచితం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఈరోజుకీ గొడవలు వస్తున్నాయి. సంస్థలు ఎంత త్వరగా మారతాయో చెప్పాలంటే సౌత్‌వెస్ట్‌నే చూడండి. దశాబ్దాల పాటు అందరికీ రెండు బ్యాగులు ఉచితంగా ఇచ్చి, 2025 మే 28 నుంచి కొనే టికెట్లకు చాలామంది దగ్గర డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. అందుకే నిరుడు వెళ్ళివచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడకండి. టికెట్ కొనే రోజున ఆ సంస్థ సైట్లో సైనికుల బ్యాగేజ్ పేజీ తెరిచి చూడండి.

అపోహ: మిలిటరీ ఐడీ చూపిస్తే చాలు, ఐదు బ్యాగులు ఉచితం.

నేను రోజూ ఎక్కువగా వినేది ఇదే. ఐడీ మీరెవరో చెబుతుంది. మీరు ఏ పని మీద వెళ్తున్నారో చెప్పదు. సంస్థలు చూసేది ఆ రెండోదాన్నే.

బదిలీ మీదో, శిక్షణకో, డిప్లాయ్‌మెంట్‌కో (సైనిక పని మీద వేరే చోటికి పంపడం) వెళ్తుంటే అది ఆర్డర్స్ మీద ప్రయాణం. సెలవు పెట్టి చెల్లి పెళ్ళికి వెళ్తుంటే అది సొంత ప్రయాణం. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఆర్డర్స్ మీద వెళ్ళేవారికి ఐదు బ్యాగులు, ఐడీతో సొంత ప్రయాణం చేసేవారికి మూడు. డెల్టాలో సొంత ప్రయాణానికి రెండే. లీవ్ ఫారం కూడా సైన్యం ఇచ్చిన కాగితమే కదా అని కొందరు వాదిస్తారు. అది మీకు సెలవు మంజూరైందని చెప్పే కాగితం. దాన్ని ప్రయాణ ఆర్డర్స్‌గా లెక్కపెట్టరు.

ఆర్డర్స్ ఫోన్లో ఉన్నాయని ధైర్యంగా రాకండి. ఒక ప్రింట్ తెచ్చుకోండి. మీ పేరు, తేదీలు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి కనిపించే పేజీ పైన ఉంచండి. రిజర్వ్‌లోనో నేషనల్ గార్డ్‌లోనో ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. వాళ్ళు ఆ రోజున యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాల సైనిక విధుల్లో) ఉన్నారని చెప్పేది ఆ కాగితమే.

రిటైరైనవారికీ, మాజీ సైనికులకీ ఈ సౌకర్యం సాధారణంగా వర్తించదు. ఇరవై ఏళ్ళు సేవ చేసిన పెద్దమనిషికి ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. నా వరకైతే వాళ్ళకీ కనీసం ఒక బ్యాగు ఇవ్వాలనే ఉంటుంది. కానీ అది నా చేతిలో లేదు.

ఇంకొక అనుమానం మనవాళ్ళలో ఎక్కువ. గ్రీన్ కార్డు మీద సైన్యంలో చేరాం, ఇంకా పౌరసత్వం రాలేదు, మాకు వర్తిస్తుందా అని. వర్తిస్తుంది. కౌంటర్లో చూసేది యాక్టివ్ డ్యూటీ ఐడీని, పౌరసత్వాన్ని కాదు.

అపోహ: ఒకే బుకింగ్‌లో ఉంటే ఇంట్లో అందరికీ అదే లెక్క.

ఉచిత బ్యాగులు ఆ సైనికుడికి ఇచ్చినవి, బుకింగ్‌కు కాదు. బదిలీ ఆర్డర్స్‌లో భార్య లేదా భర్త, పిల్లల పేర్లు ఉంటే వాళ్ళకు కూడా ఇచ్చే సంస్థలున్నాయి. సొంత ప్రయాణంలో కుటుంబానికి చాలాచోట్ల ఉండదు. ఇక ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు, అత్తమామలు ఆర్డర్స్‌లో ఉండరు కాబట్టి వాళ్ళది మామూలు లెక్కే. అత్తగారి పచ్చళ్ళ పెట్టెను అల్లుడి పేరు మీద చెక్-ఇన్ చేయాలంటే, అది అల్లుడి ఉచిత బ్యాగుల్లో ఒకటిగా పోవాలి, ఆయన అదే విమానంలో ఉండాలి. అందులో ఏముందో బాధ్యత కూడా ఆయనదే.

అపోహ: యూనిఫాం వేసుకుంటేనే ఇస్తారు.

అక్కర్లేదు. విదేశాలకు వెళ్ళేటప్పుడైతే మామూలు బట్టల్లో వెళ్ళమని సైన్యమే చెబుతుంది. యూనిఫాం బదులు ఐడీ, ఆర్డర్స్ మీద వెళ్తుంటే ఆ కాగితం చూపిస్తే చాలు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ ఐడీని కౌంటర్లో చూపించండి, ఫొటో తీసి వాట్సాప్‌లో ట్రావెల్ ఏజెంట్లకు పంపకండి. అధికారిక అవసరం లేకుండా మిలిటరీ ఐడీని ఫొటో తీయడం, నకలు తీయడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా జిరాక్స్ అడిగితే కుదరదని చెప్పే హక్కు మీకుంది.

అపోహ: ఉచితమన్నారు కాబట్టి బరువు చూడరు.

బ్యాగుల సంఖ్య, బరువు, కొలత మూడూ వేర్వేరు లెక్కలు. మామూలు ప్రయాణికుడి బ్యాగు 50 పౌండ్లు అంటే 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 62 అంగుళాలు దాటకూడదు. ఆర్డర్స్ మీద వెళ్ళే సైనికుడికి కొన్ని సంస్థలు 100 పౌండ్ల వరకు అనుమతిస్తాయి. కొన్ని 70 దగ్గరే ఆపేస్తాయి. సొంత ప్రయాణంలో 50 దాటనివ్వని సంస్థలూ ఉన్నాయి. బూట్లు, చలికోట్లు, సామగ్రి నింపిన ఆర్మీ డఫెల్ (పొడవాటి గుడ్డ సంచి) 50 పౌండ్లు ఇట్టే దాటుతుంది.

100 పౌండ్ల అనుమతి ఉన్నా ఒకే బ్యాగులో అంత నింపొద్దని నా సలహా. యూరప్, ఆస్ట్రేలియా, ఇండియా విమానాశ్రయాల్లో ఒక్కో బ్యాగు 32 కిలోలు దాటితే తీసుకోరు. ఎత్తే కార్మికుల నడుము గురించి పెట్టిన నియమం అది, డబ్బు కట్టినా సడలించరు. ఐదు బ్యాగులు ఉచితమైనప్పుడు బరువును పంచితే సరిపోతుంది కదా.

రక్‌శాక్‌కు (వీపున వేసుకునే సంచికి) వేలాడే పట్టీలను లోపలికి దోపి కట్టండి, కుదిరితే మొత్తాన్ని ఒక డఫెల్‌లో పెట్టేయండి. పట్టీలు కన్వేయర్ బెల్టులో చిక్కుకుంటే బ్యాగు చిరుగుతుంది, లేదా మీతో పాటు విమానం ఎక్కదు.

అపోహ: అమెరికాలో ఉచితంగా తీసుకున్నారు కాబట్టి ఇంటిదాకా ఉచితమే.

మన పిల్లలు సెలవుకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. హైదరాబాద్‌కు దోహా, దుబాయ్, లండన్ మీదుగా వెళ్ళేటప్పుడు ఒక భాగం అయినా విదేశీ సంస్థ విమానంలో ఉంటుంది. అమెరికా సైనికులకు అమెరికా సంస్థలు ఇచ్చేది విదేశీ సంస్థ ఇవ్వాలని లేదు. మొత్తం ఒకే టికెట్ అయితే, అమెరికాలో మొదలయ్యే ప్రయాణానికి అంతటా ఒకే బ్యాగేజ్ నియమం ఉండాలని ఇక్కడి రవాణా శాఖ నియమం. కాబట్టి టికెట్ మీద రాసి ఉన్న అలవెన్స్‌ను (ఎన్ని బ్యాగులు, ఎంత బరువు అన్నదాన్ని) కొనేముందే చదవండి. సైనికుల రాయితీ భాగస్వామి సంస్థ విమానంలో కూడా చెల్లుతుందా అని సంస్థను మెసేజ్‌లో అడిగి, ఆ జవాబును దాచుకోండి. ఫోన్లో విన్న మాట కౌంటర్లో పనికిరాదు.

తర్వాత హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో విడిగా టికెట్ కొంటారు. ఇండియాలో దేశీయ విమానాల్లో ఎకానమీకి సాధారణంగా 15 కిలోలే. అమెరికా నుంచి మూడు బ్యాగులతో దిగిన అబ్బాయి దగ్గర డెబ్బై కిలోలు ఉన్నాయనుకోండి, మిగిలిన యాభై అయిదు కిలోలకు కిలోల లెక్కన కట్టాలి. ఆ డబ్బుతో ఇంటిదాకా కారే మాట్లాడుకోవచ్చు. విశాఖ దాకా ఒకే టికెట్ కొనడం మేలు. అది కుదరకపోతే పెద్ద బ్యాగులను రైల్లోనో కారులోనో పంపండి.

అపోహ: యాప్‌లో ముందే కట్టేస్తే పని తేలిక, తర్వాత వెనక్కి ఇస్తారు.

యాప్‌కు మీరు సైనికులని తెలియకపోవచ్చు. కట్టేశాక వెనక్కి తెచ్చుకోవడం పెద్ద పని. కట్టకుండా కౌంటర్‌కు రండి, కాస్త ముందుగా రండి.

ఆర్డర్స్ మీద వెళ్తూ నిజంగానే కట్టాల్సి వస్తే రసీదు పారేయకండి. 75 డాలర్లు, ఆపైన ఖర్చుకు రసీదు తప్పనిసరి. తక్కువైనా దాచడమే మంచిది. అదనపు బ్యాగేజ్‌కు ముందుగా అనుమతి ఉంటే ఆ ఖర్చును ప్రయాణ వోచర్‌లో (ఖర్చులు తిరిగి ఇమ్మని సైన్యానికి ఇచ్చే ఫారంలో) చూపించి తిరిగి పొందవచ్చు. ప్రయాణానికి ముందే మీ అధికారితో ఆర్డర్స్‌లో ఆ మాట రాయించుకోండి. సెలవు మీద వెళ్ళినదానికి మాత్రం ఏమీ రాదు.

అపోహ: సైన్యం విమానమైతే ఎంతైనా వేసుకోవచ్చు.

సైనికులనూ వాళ్ళ కుటుంబాలనూ విదేశాలకు చేర్చేందుకు సైన్యం నడిపించే పేట్రియాట్ ఎక్స్‌ప్రెస్ విమానాల్లో మనిషికి రెండు బ్యాగులు, ఒక్కోటి 70 పౌండ్లు. సైన్యపు చిన్న విమానాల్లో, సీటు మిగిలితే ఎక్కించుకునే పద్ధతిలో వెళ్తే మొత్తం 30 పౌండ్లకే పరిమితం చేయవచ్చు.

అపోహ: సైనికుడి బ్యాగులో ఒక తూటా దొరికితే ఎవరూ పట్టించుకోరు.

దీన్ని మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. ఫైరింగ్ రేంజ్‌కు తీసుకెళ్ళిన బ్యాగునే ఖాళీ చేసి, అందులో బట్టలు పెట్టుకుని ఇంటికి బయల్దేరతారు. అడుగున, కుట్టు మడతలో ఒక తూటా ఉండిపోతుంది. అమెరికాలో చెక్-ఇన్ బ్యాగులో తుపాకీ తీసుకెళ్ళాలంటే అది ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో ఉండాలి, కౌంటర్లో చెప్పాలి. తూటాలు కూడా సరైన ప్యాకింగ్‌లో చెక్-ఇన్‌లోనే వెళ్ళాలి. చాలా సంస్థలు మనిషికి 11 పౌండ్లు దాటనివ్వవు. క్యాబిన్ బ్యాగులో ఒక్క తూటా కూడా కుదరదు.

ఇండియాలో ఇది ఇంకా పెద్ద విషయం. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. తెలియకుండా ఉండిపోయిందని రుజువైన కేసులను కోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ అప్పటిదాకా విమానం పోతుంది, సెలవు పోతుంది, పాస్‌పోర్టు చేతిలో ఉండకపోవచ్చు. పేల్చేశాక మిగిలిన ఖాళీ తూటా తొడుగు దొరికినా ప్రశ్నలు తప్పవు. జ్ఞాపకంగా తెచ్చే తూటా కీచైన్లు కూడా వద్దు. అనుమతి లేని సాటిలైట్ ఫోన్లదీ ఇదే పరిస్థితి. కొండలెక్కేవారు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరంతో ఇండియా విమానాశ్రయాల్లో విదేశీయులను ఆపిన ఘటనలు ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేందుకు వేరే బ్యాగు కొనుక్కోండి. అది కుదరకపోతే పాత బ్యాగు ప్రతి జేబునూ బయటికి తిప్పి, తలకిందులుగా దులిపి, మడతలను వేళ్ళతో తడిమి చూశాకే బట్టలు సర్దండి.